మెయిలు లేటైన మంగళవారం

1956 ఫిబ్రవరి 12, ఆదివారం. ఏలూరు. ఉదయం ఏడున్నర. వెంకాయమ్మ గారి మేడ మీద. ఉన్నవారు: నేను, మా అన్నయ్య కూతురు సుభద్ర, ఇంటావిడ వెంకాయమ్మ గారు. వీరు కాక నాలుగు పాత పంచెల నిండా మినపవడియాలు.

నా డైరీలో ఆనాటి పేజీ ఇలా మొదలవుతుంది. ముప్పై నాలుగేళ్ళు సర్వే శాఖలో పనిచేసి ఒంగోలులో స్థిరపడినవాణ్ణి. సరిహద్దు తగాదా వచ్చినప్పుడు ఆ రోజు పొలంలో ఎవరెవరున్నారన్నదే మొదటి ప్రశ్న గనుక, తేదీ కిందనే ఉన్నవారి పేర్లు రాయడం అలవాటైపోయింది. వడియాల పేరు రాయడం మాత్రం అదే మొదటిసారి.

మేము ఏలూరు ఎందుకు వెళ్ళామో ముందు చెప్పాలి. సుభద్ర హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. సూర్యుడికి కూడా ఎంతో అవతల నుంచి కంటికి కనబడని కిరణాలు రాత్రింబవళ్ళు మన భూమి మీద పడుతుంటాయట. గాలి వాటిని చాలావరకు దారిలోనే ఆపేస్తుంది. అందుచేత ఫోటో పలకలను నల్లకాగితంలో చుట్టి, రబ్బరు సంచీలో కట్టి, పెట్టెలో పెట్టి, పెద్ద బెలూనుకు కట్టి, గాలి పలచబడే ఎత్తుకు పంపుతారు. కిరణం పలకలోంచి దూసుకుపోతే సన్నని గీత మిగులుతుంది. పైకి వెళ్ళివెళ్ళి బెలూను పగిలిపోతుంది. పెట్టె గుడ్డ గొడుగు సాయంతో మెల్లగా కిందికి దిగుతుంది. మైక్రోస్కోపు కింద ఆ గీతలను వెతకడం మూడేళ్ళుగా సుభద్ర ఉద్యోగం. ఈసారి పలకలను ఎలా పేర్చాలో కూడా ఆమే నిర్ణయించింది. ఆమె మాట మీద ఒక బెలూను ఎగరడం అదే మొదలు.

ఆ బెలూను ఫిబ్రవరి 7, మంగళవారం తెల్లవారుజామున ఎగిరింది. వెనకాలే జీపులో బయలుదేరినవాళ్ళకు బెజవాడ ఇవతల పొగమంచులో కనబడకుండా పోయింది. పెట్టె దొరక్కపోయినా, దొరికినవాళ్ళు లోపలేముందో చూద్దామని నల్లకాగితం విప్పినా, అంతా పోయినట్టే. వెలుతురు తగిలితే పలకలు ఒక్క క్షణంలో చెడిపోతాయి. ప్రొఫెసరు గారు సుభద్రకు పది రోజులు గడువిచ్చారు. పెట్టె రాకపోతే తరువాతి బెలూను మరొకరిది. సుభద్ర నాకు తంతి ఇచ్చింది: "దిక్సూచితో ఏలూరు రండి." పెళ్ళిపిలుపు వచ్చినా అంత తొందరగా బయలుదేరేవాణ్ణి కాను.

ముత్యమంత చుక్క

ఏలూరు బజారులో నలుగురినీ వాకబు చేస్తే వెంకాయమ్మ గారి పేరు చెప్పారు. ఆవిడ ఇల్లు రైలుపట్టాలకు దగ్గర.

"ఏవండీ, మీ నీడ వడియాల మీద పడుతోంది. కాస్త ఇటు జరుగుతారా?" అన్నారావిడ మొట్టమొదట. జరిగాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టారు. "మంగళవారమేనండి. ఇలాగే వడియాలు పెట్టుకుంటున్నాను. తలెత్తితే ఆ తాటిచెట్టు మొవ్వు మీదుగా తెల్లగా, ముత్యమంత ఉందండి. పట్టపగలు చుక్కేమిటా అని చూస్తూనే ఉన్నాను, ఇంతట్లో ఆరిపోయింది."

"ఎన్ని గంటలకండీ?"

"మెయిలు వెళ్తోందండి. అది వెళ్తుంటే మేడంతా అదురుతుంది. పిండిగిన్నె దొర్లిపోకుండా ఒక చేత్తో పట్టుకుని చూశాను."

వడియాల మధ్య అడుగు పెట్టేంత చోటు చూసుకుని, దిక్సూచి నిలబెట్టి, తాటిచెట్టు వైపు గురి చూశాను. ఆగ్నేయానికి కాస్త తూర్పుగా వచ్చింది. డిగ్రీలు రాసుకున్నాను. తరువాత సంచీలోంచి రైల్వే టైంటేబిలు తీశాను. మద్రాసు వెళ్ళే మెయిలు ఏలూరుకు ఉదయం తొమ్మిదింటికి వస్తుంది. పక్కనే "9.00" అని రాసి కింద గీత గీశాను.

"ఆరిపోయిందంటే బెలూను పగిలిందేమో బాబాయ్?" అంది సుభద్ర.

"మబ్బు అడ్డొచ్చి ఉంటుందమ్మా."

"మబ్బు పట్టిన రోజున వడియాలు ఎందుకు పెడతానండీ?" అన్నారు వెంకాయమ్మ గారు.

ఆ మాట కూడా రాసుకున్నాను. రాసుకుని ఊరుకున్నాను. అదే నా పొరపాటు.

మా ఒంగోలులో ఇంటికి వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళిస్తాం. నీళ్ళకు కరువు గనుక అదే పెద్ద మర్యాద. ఏలూరులో నీళ్ళిస్తే ఎవరూ లెక్కచెయ్యరు. కాలవ ఊరి మధ్యనుంచే పోతోంది. ఇక్కడ మర్యాదంటే కదలనివ్వకపోవడం. "అప్పుడేనా అండీ", "ఇంకాసేపుండండి" అంటూ రెండుసార్లు కాఫీ ఇచ్చి, వెళ్ళేటప్పుడు ఒక పొట్లం వడియాలు సుభద్ర చేతిలో పెట్టారు.

కూలీలు పని ఆపిన పది నిమిషాలు

మర్నాడు తాడేపల్లిగూడెం వెళ్ళాం. ఆ చుట్టుపక్కల ఎవరూ ఊరి పేరు పూర్తిగా అనరు, "గూడెం" అంటారు. యుద్ధకాలంలో అక్కడ విమానాలు దిగే మైదానం ఒకటుండేదట. అందువల్లనో ఏమో ఊళ్ళో సగంమందికి తలెత్తి చూసే అలవాటు ఇంకా ఉంది. బెలూను గురించి అడిగితే హోటలులో అయిదుగురు ఒకేసారి చెప్పబోయారు. ఆ హోటలులో కాఫీ అణాన్నర. చిక్కదనం చూస్తే రెండణాలిచ్చినా తప్పులేదు.

వారందరూ మమ్మల్ని ఒక బియ్యం మిల్లుకు పంపారు. అక్కడి మేనేజరు సత్యనారాయణ గారు ఊకదుమ్ముతో తలా మీసమూ తెల్లబడిన మనిషి. పదకొండు గంటల పది నిమిషాలకు చూశానని ఖచ్చితంగా చెప్పారు.

"అంత ఖచ్చితంగా ఎలా చెప్పగలరండీ?" అన్నాను.

"కూలీలంతా పని ఆపేసి ఆకాశంకేసి చూస్తున్నారండి. ఎంతసేపు ఆపుతారో చూద్దామని వాచీ చూశాను. పది నిమిషాలు ఆపారు. తొమ్మిది నిమిషాలు నేనూ వాళ్ళతోపాటే చూశాననుకోండి, ఆ సంగతి యజమాని గారితో అనకండి." ఆయన ఏం చూశారంటే, మిల్లు గోదాము కొస మీదుగా తెల్లబంతి ఒకటి ఉన్నట్టుండి చిరిగిపోయింది. దానికింద ఎర్రగొడుగు విచ్చుకుంది. ఆ గొడుగు తిన్నగా దిగి చెట్ల వెనక్కి పోయింది.

ఆయన వాచీకీ నా వాచీకీ ఒక్క నిమిషమే తేడా. గోదాము కొస నైరుతి దిక్కు.

ఆ సాయంత్రం సత్రంలో జిల్లా మ్యాపు పరిచి లెక్క చేశాను. ఒకే వస్తువును ఒకే సమయంలో ఇద్దరు రెండు చోట్లనుంచి చూస్తే, ఇద్దరి చూపులూ రెండు గీతలు. అవి కలిసిన చోటే వస్తువు. సర్వేలో అది ఓనమాలు. కాని ఇక్కడ ఏలూరు చూపు తొమ్మిదింటిది, గూడెం చూపు పదకొండు దాటాక. రెండు గంటల్లో బెలూను ఎక్కడికో పోయి ఉంటుంది. కాబట్టి ఏలూరు గీతను అలాగే వాడకూడదు. గాలివేగం సుభద్రనడిగి, గీతను తూర్పుకు జరిపి, ఆకివీడు దగ్గర ఎర్రసిరాతో చుక్క పెట్టాను.

సుభద్ర మ్యాపు వంక చాలాసేపు చూసింది. "జరపకపోతే ఎక్కడ కలుస్తాయి బాబాయ్?"

"కొల్లేరు నడిమధ్యన."

"ఒకవేళ..."

"టైము కుదరదు గదమ్మా," అన్నాను. నాకు ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉంది. ఆమె మ్యాపు మడిచి నా చేతికిచ్చింది.

పైనుంచి వచ్చిన పెట్టె

ఆకివీడు వెళ్ళే దారి పొడుగునా రెండు పక్కలా వరి. ఉండి అనే ఊరు దాటాక ఆకాశం ఎక్కువా, నీళ్ళెక్కువా అని అనుమానం వచ్చింది. మా వైపు చెరువు నిండితే నలుగురూ వెళ్ళి చూసి వస్తారు. ఇక్కడ నీళ్ళ మీదుగా గట్టు ఎక్కడైనా కనిపిస్తే అదీ వింత.

ఆకివీడులో చేపల గంపలు, బండ్లు, ఐసుగడ్డలు కప్పిన ఊక. మంగళవారమంతా ఊరూరా తిరిగి "ఆకాశంనుంచి పెట్టె పడిందా?" అని అడిగాం. బుధవారం పొద్దున్నే ఒక పెద్దమనిషి మాకోసం వెతుక్కుంటూ వచ్చాడు.

"ఆయ్, మీరేనాండి పెట్టె గురించి అడుగుతున్నారంట? మా ఊరికి పైనుంచి పెట్టొచ్చిందండి. పోయినవారం వచ్చింది. విప్పలేదండి, పెద్దోళ్ళొచ్చి విప్పాలని అలాగే ఉంచాం."

సుభద్ర ముఖం వెలిగిపోయింది. మూడు మైళ్ళు బండిలో వెళ్ళాం. సగం దారిలో చక్రం బురదలో దిగబడితే నేనూ దిగి తోశాను. ఒక చెప్పు ఆకివీడు మట్టికి సమర్పించుకున్నాను. ఊళ్ళో అప్పటికే పందిరి వేశారు. పంచాయతీ అరుగు మీద పూలదండ వేసిన పెట్టె ఉంది. ప్రెసిడెంటు గారు నా మెడలో కూడా ఒక దండ వేసి, "మీరే విప్పాలండి," అన్నారు.

అది రేడియో. ప్రభుత్వం వారు పంచాయతీకి పంపినది. పైనుంచి అంటే ఆకాశంనుంచి అని మేమనుకున్నాం. పైనుంచి అంటే పైఅధికారుల దగ్గరనుంచి అని వాళ్ళనుకున్నారు. తప్పు ఎవరిదీ కాదు. సుభద్రే దాన్ని విప్పి, తీగ కట్టి, పాట వినిపించింది. ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె కూడా నవ్వింది. బండి ఎక్కాక మాత్రం, "ఇంకా రెండు రోజులే బాబాయ్," అంది.

ఆకివీడులో మాకు ఆశ్రయమిచ్చినది ఒక చేపల వర్తకుడు, రామయ్య గారు. ఆ మధ్యాహ్నం కొర్రమీను పులుసు వడ్డిస్తూ, పోయినవారం తన చేపలు పాడైన సంగతి చెప్పారు. మా ఒంగోలు పక్క కొత్తపట్నం ఎండుచేపల గురించి నేను గొప్ప చెప్పుకుంటే దానికి జవాబుగా వచ్చిన మాట అది.

"ఎండుచేపలకేమండీ, ఏ బండికైనా వెళ్తాయి. మా పచ్చిచేపలకి గంట దాటితే కష్టం. మొన్న మంగళవారం చూడండి, ఏలూరులో మద్రాసు మెయిలుకి ఇరవై గంపలు వేద్దామని తీసుకెళ్తే, ఎక్కడో వంతెన పని జరుగుతోందని బండి రెండుగంటల పైన లేటు. ఐసంతా కరిగి కాలవలో కలిసింది."

నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"ఏ మంగళవారమండీ?"

"ఏడో తారీకు."

చెయ్యి కడుక్కుని డైరీ తెచ్చాను. ఫిబ్రవరి 7 పేజీలో నా దస్తూరీతోనే ఉంది: "ఒంగోలు. ఎండ. టపా సాయంత్రం ఆరుకు గాని రాలేదు. మెయిలు రెండు గంటల పది నిమిషాలు లేటట." పోస్టుమాన్ చెప్పిన మాటను ఆ రోజే రాసుకున్నాను. ఆ డైరీని సంచీలో పెట్టుకుని కూడా టైంటేబిలును నమ్మి నాలుగు రోజులు తిరిగాను.

తొమ్మిదికి రెండు గంటల పది నిమిషాలు కలిపితే పదకొండు పది. వెంకాయమ్మ గారి చుక్క ఆరిపోయినదీ, సత్యనారాయణ గారి బంతి చిరిగినదీ ఒకే క్షణం. జరపని గీతలే సరైనవి.

సుభద్రతో చెప్పాను: "నువ్వన్నదే నిజం. పగిలింది. నేనే మబ్బు తెచ్చి పెట్టాను."

కోప్పడుతుందనుకున్నాను. ఆమె మ్యాపు తీసి, నా ఎర్రచుక్క మీద అడ్డంగా కొట్టేసి, కొల్లేట్లో కొత్త చుక్క పెట్టింది. "సిరా మీదే, చెయ్యి మాత్రం నాది," అంది.

ఎర్రగుడ్డ

గురువారం పొద్దున్న రేవులో ఒక దోనె మాట్లాడుకున్నాం. దోనె నడిపేవాడు పోతురాజు. చుక్క ఉన్న వైపు ఒక లంక ఉందనీ, అది తమ ఊరేననీ చెప్పాడు. కిక్కిస గడ్డి మనిషెత్తున నిలిచి ఉంది. దాని సందుల్లోంచి గెడ వేసుకుంటూ పోతుంటే గూడకొంగలు మా వంక తహసీల్దార్లలా చూసి తల తిప్పుకునేవి.

దారిలో సుభద్రను ఒకటి అడిగాను. పలకలో గీతను చూసి కిరణం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పవచ్చా అని.

"చెప్పలేం బాబాయ్. చాలావాటికి విద్యుత్తు ఉంటుంది. దారిలో ఎన్ని వంపులు తిరిగి వస్తాయో తెలీదు. గామా కిరణాలని ఉన్నాయి, అవైతే తిన్నగా వస్తాయి. ఆకాశంలోంచి వచ్చేవాటిని సరిగ్గా పట్టే సాధనం ఇంకా లేదు. ఉంటే, దూరదూరంగా రెండు మూడు పెట్టెలు ఎగరేసి, ఏ పెట్టెకు ముందు తగిలిందో, ఏ పెట్టెకు వెనక తగిలిందో చూస్తే దిక్కు పట్టుకోవచ్చు. మీ సర్వేలాగే."

"అయితే పెట్టెకో గడియారం ఉండాలి."

"మంచి గడియారం," అంది. నా సంచీ వంక చూసి, "మెయిలు కాదు," అంది.

పోతురాజు కూడా నవ్వాడు. నవ్వి, "ఇంతకీ ఏం పెట్టండీ అది?" అన్నాడు. అప్పటిదాకా అందరినీ పెట్టె అనీ బెలూను అనీ అడిగామే గాని, మిగతాది ఎవరికీ చెప్పలేదు. "ఇంత ఉంటుందయ్యా. పైన ఎర్రగుడ్డ గొడుగు..." అన్నాను.

గెడ ఆగిపోయింది. "ఎర్రగుడ్డాండి? అదాండి! రోజూ చూస్తన్నాం కదండీ!"

"మరి ఎవరికీ చెప్పలేదేమయ్యా?"

"చెప్పడానికేముందండి? ఎవరిదో మావు అనుకున్నాం."

మావు అంటే నీళ్ళలో పెట్టే వెదురు బుట్ట. చేప లోపలికి వెళ్తుంది, బయటికి రాలేదు. ఆ లంకలో మావు పెట్టినవాళ్ళు పక్కన గెడ పాతి దానికి గుడ్డ కడతారు. గుడ్డ కట్టిన మావు జోలికి మరొకరు పోరు. దాని దగ్గరగా దోనె కూడా తిప్పరు. మన పెట్టె దిగుతూ దిగుతూ అలాంటి పాతగెడ ఒకదాని పక్కనే పడింది. ఎర్రగుడ్డ దానికి చుట్టుకుంది. తొమ్మిది రోజులుగా ఊరు ఊరంతా దాన్ని చూస్తూ, దూరంనుంచి తప్పుకుని పోతోంది. మేము పదిసార్లు సర్కారు ముద్ర వేసినా అంత భద్రంగా ఉండేది కాదు.

లంక గట్టు మీద పోతురాజు అత్తగారు చిట్టెమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. మా సంగతి అల్లుడు కేకేసి చెప్పగానే ఆవిడ అందుకుంది.

"మీదేనా ఆ మావు? తొమ్మిదినాళ్ళయింది! మావు పెట్టినోళ్ళు పొద్దున్నే ఎత్తుకోవాలా వద్దా? లోపల పడ్డ జీవాలు చచ్చి కుళ్ళిపోవూ? ఏ సోమరిపోతు పెట్టాడోనని రోజూ తిడతన్నాను."

"ఆ సోమరిపోతుని నేనే మామ్మగారూ," అంది సుభద్ర.

చిట్టెమ్మ ఆమెను కిందనుంచి మీదికి చూసింది. "ఇంత పిల్లవి. పోనీలే. ఏం చేపకి పెట్టావమ్మా?"

"నాకూ తెలీదు మామ్మగారూ. ఎత్తి చూస్తే గాని చెప్పలేను."

"అదైతే నిజమే. ఎవరికి మాత్రం తెలుసు," అంది ఆవిడ మెత్తబడి.

సుభద్ర మోకాలిలోతు నీళ్ళలోకి దిగి తానే విప్పుకుంది. పెట్టె సగం మునిగి ఉంది. మీది రేకు సొట్టబోయింది. లోపలి రబ్బరు సంచీకి వేసిన ముడి తాను వేసినట్టే ఉందని రెండుసార్లు తడిమి చూసుకుంది. ఎండలో పడి ఉంటే వేడికి గీతలు మాసిపోయేవట. కొల్లేటి నీళ్ళు, కిక్కిస నీడ దాన్ని చల్లగా ఉంచాయి. ఒడ్డుకు వచ్చాక చిట్టెమ్మ మమ్మల్ని తిననిదే కదలనివ్వలేదు. బొమ్మిడాయిల పులుసుతో వేడివేడి అన్నం తిన్నాను. వెంకాయమ్మ గారి వడియాలు అక్కడే వేయించి పంచాం. ఎర్రగుడ్డ చిట్టెమ్మకే ఇచ్చాం. "ఏడాదికి సరిపడా మావులకి కట్టుకోవచ్చు," అని మడతపెట్టుకుంది. పెట్టెను మేమిద్దరమే మొయ్యలేమని పోతురాజును మాతో పంపుతూ, "ఏం పడిందో చూసి రా," అని చెప్పింది.

కొల్లేరు దాటి ఏలూరు చేరేసరికి సాయంత్రమైంది. పెట్టెలో మిగతా పలకల మీద ఒక పలచని చిన్న పలక ఉంది. అసలు పలకలు బాగున్నాయో లేదో ముందుగా తెలుసుకోవడానికి పెట్టినది. అసలువాటిని హైదరాబాదులోనే కడగాలి గాని, దీన్ని ఎక్కడైనా కడగవచ్చు. బజారులోని ఫోటో స్టూడియో ఆయన తన చీకటిగది ఇచ్చాడు. సుభద్ర దాన్ని కడిగి ఆరబెట్టింది. చూడడానికి మైక్రోస్కోపు కావాలి. స్టూడియో ఆయనకు తెలిసిన డాక్టరు గారు పొద్దున్నే రమ్మన్నారు.

మర్నాటి ఉదయం

ఫిబ్రవరి 17, శుక్రవారం. డాక్టరు గారి గది. ఉన్నవారు: డాక్టరు గారు, సుభద్ర, పోతురాజు, నేను. పలక నల్లబడి ఉంటే పెట్టెలో ఉన్నదంతా చెత్త. సుభద్ర కన్ను ఆనించింది. పలకను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పోయింది. మేము ముగ్గురం గోడ దగ్గర నిలబడ్డాం. డాక్టరు గారి రోగులు గుమ్మంలోంచి తొంగి చూస్తున్నారు.

ఆమె చెయ్యి ఆగింది. తరువాత లేచి నన్ను కూర్చోబెట్టింది.

తెల్లటి వెలుగులో, ఒక్క చోటునుంచి ఎనిమిది నల్లని గీతలు నలువైపులా చీలిపోయి ఉన్నాయి. ఎక్కడినుంచో వచ్చిన కిరణం ఒకటి పలకలోని పరమాణువును తాకి బద్దలుకొట్టిన చోటు అది. ప్రయోగశాలలో దాన్ని నక్షత్రం అంటారట. పలక మచ్చలేకుండా ఉంది. "అన్నీ బాగున్నట్టే బాబాయ్," అంది సుభద్ర.

పోతురాజు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక కన్ను మూయడం చేతగాక చేత్తో మూసుకున్నాడు. చూసి, చూసి, తలెత్తాడు.

"పీతండీ," అన్నాడు.

అతను మళ్ళీ చూసి, వేలితో లెక్కపెట్టాడు. "కాళ్ళు ఎనిమిది. పీతే. మా అత్తతో పీత పడిందని చెప్తానండి."

సుభద్ర నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పలకను పెట్టే చిన్న డబ్బా మీద కాగితం అంటించి, పెన్సిలుతో ఏదో రాసింది. ఆమె భుజం మీదుగా చూశాను. "నక్షత్రం" అని రాసి, కొట్టేసి, "పీత" అని రాసింది.

నేనూ డైరీ తీశాను. అప్పుడే దూరాన రైలు కూత వినబడింది. డాక్టరు గారి గాజుగొట్టాలు సన్నగా అదిరాయి. గోడగడియారం కేసి చూడలేదు, టైంటేబిలు తియ్యలేదు. జేబులోంచి వాచీ తీసి చూసి రాశాను: "ఉదయం 9.25, నా వాచీ ప్రకారం. పీత పడింది. మెయిలు లేటు."